నాయన రక్తానికి నేను పెట్టిన పథ్యం

నాయనకు షుగరు కొత్తేమీ కాదు. ఏళ్ల తరబడి పొద్దునొక మాత్ర మింగి, రాగి సంగటి తిని, హాయిగా తిరుగుతున్నాడు. కిందటేడు నాకే బుద్ధి ఎక్కువైంది. బత్తలపల్లెలో ఎవరో యోగా శిబిరం పెడితే, నా ఎరువుల అంగడి పది రోజుల పాటు ఆలస్యంగా తెరిచి మరీ పోయాను. అక్కడి సారు లెక్కన మనిషి ఏం తినాలో చెప్పాల్సింది ఆకలి కాదట, రక్తం గ్రూపట. ఇన్ని కరువుల్లో దొరికిందల్లా తిని మేమెలా బతికామో ఆ యోగా సారుకే తెలియాలి.

నాయన గ్రూపేమిటో ఇంట్లో ఎవరికీ తెలీదు. పాత డ్రైవింగు లైసెన్సు తీసి చూస్తే, ఏ పాజిటివ్ అని అచ్చు వేసి ఉంది. అచ్చులో ఉన్నాక ఇంక అనుమానమెందుకు? ఆ సంగతి చెబితే సారు కళ్లు మూసుకుని ఆలోచించి, 'ఏ' గ్రూపు వాళ్లది శాంత స్వభావం, వాళ్లకు మాంసం పనికిరాదు, రాగులూ చెనిక్కాయలూ విషం అన్నాడు. చేన్లో ఎవరి గొర్రె పడినా ఊరంతా వినేలా తిట్టే నాయనది శాంత స్వభావం! ఇక చెనిక్కాయ విషమే అయితే వేరుశనగ మీదే బతికే అనంతపురం జిల్లాలో ఈపాటికి శ్మశానాలే మిగిలి ఉండాలి. ఇదంతా ఇప్పుడు తోస్తోంది. అప్పుడు బుద్ధిమంతుడిలా తలూపి పుస్తకంలో రాసుకొచ్చాను.

మర్నాటి నుంచి సంగటి బంద్. ఆదివారం మాంసం బంద్. ఉడికించిన సొరకాయ, గుప్పెడు మొలకలు, అదీ నేను కొలిచి పెట్టినంతే. తెల్లారగానే మిద్దె మీద చాప పరిచి, పక్కనే కూర్చుని ఆయన చేత ముక్కు మూయించి ఊపిరి పీల్పించేవాణ్ని.

"మామకు ఒక ముద్ద సంగటి పెడితే నీ యోగా ఏం మునిగిపోతాది?" అని నా భార్య అడిగింది. రక్తం గురించి ఆమెకు అరగంట ప్రవచనం చెప్పాను. నాయన మాత్రం కిక్కురుమనలేదు. పథ్యం ఒంటికి పడుతోందని మురిసిపోయి, అంగడికి వచ్చిన వాళ్లందరినీ మీది ఏ గ్రూపని అడగడం మొదలుపెట్టాను.

నెల తిరిగిందో లేదో, ఒక పొద్దున చాప మీద చేతులు పైకెత్తిన నాయన అలాగే పక్కకు ఒరిగిపోయాడు. ఒళ్లంతా చెమట, పిలిస్తే పలకడు. కారులో వేసుకుని అనంతపురం పరుగెత్తాను. తిండి సగం చేసి మాత్ర మాత్రం ఎప్పటంతే మింగించినందుకు షుగరు బాగా పడిపోయిందనీ, ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదనీ డాక్టరమ్మ నన్ను కడిగి పారేసింది. పరీక్షల కాగితం చేతికిచ్చింది. అందులో రక్తం బి పాజిటివ్.

నాయనకు తెలివి వచ్చాక ఆ సంగతి చెప్పాను. ఆయనేమీ ఆశ్చర్యపోలేదు.

"ఆ పొద్దు లైసెన్సులకని జీపు నిండా పోయింటిమి. ఏజెంటు అందరికీ ఒగటే గ్రూపు రాసినాడు."

నాకు ఒళ్లు మండింది. "తెలిసీ యాల చెప్పలేదు నాయనా? నెల దినాలు ఆ గడ్డి యాల తింటివి? సచ్చిపోయింటే?"

ఆయన సెలైను సీసా వైపు చూపు తిప్పుకున్నాడు.

"అంగడి పెట్టినప్పట్నుంచి నువ్వు నా పక్కన కూసునింది యాడుండాదప్పా? ఈ నెల దినాలూ పొద్దున్నే వచ్చి కూసుంటాంటివి. చెప్తే మళ్లా రావని తింటి."