గుప్పెడు బియ్యం పిడత

మా చిన్నప్పుడు... తెల్లారేసరికి వంటపాకలోంచి ముందు పొగ వచ్చేది, ఆ వెనక మామ్మ గొంతు వచ్చేది. తడిసిన కొబ్బరి డొక్కల్ని ఊదుగొట్టంతో ఊది ఊది మంట చేసి, ఎసరు మరిగాక చేటలో బియ్యం తెచ్చి... కుండలో పోసే ముందు ఒక్క గుప్పెడు తీసి, పొయ్యి పక్కనున్న మట్టి పిడతలో వేసేది. "స్తోత్రం తండ్రీ" అనేది. ఆ మాటకే మాకు మెలకువ వచ్చేది.

ఆదివారం ఆ పిడత చర్చికి వెళ్ళేది. అందరి పిడతలూ ఒకే గంపలో ఒంపేవారు. ఆ వారం ఎవరింట్లో పొయ్యి వెలగలేదో వాళ్ళింటికి పాస్టరు అయ్యగారు పంపేవారు... ఎవరికి వెళ్ళాయని ఎవరూ అడిగేవారు కాదు.

ఒక వానాకాలం కూలిపనులు లేవు. చేట అడుగు కనిపిస్తోంది. అయినా మామ్మ చెయ్యి పిడత వైపే వెళ్ళింది. ఉండబట్టలేకపోయాను.

"మామ్మా, ఇయ్యాల మనకే చాలవు కదే!"

"గంజి ఇంకో గ్లాసు తాగు. పిడతలోది మనది కాదు."

"మరెవరిది?"

"ఆకలేసినోళ్ళది."

"నాకూ ఆకలేత్తంది" అన్నాడు పక్కనుంచి తమ్ముడు. మామ్మ నవ్వేసి వాడి నెత్తిన ఒకటి వేసింది. గుప్పెడు మాత్రం వెనక్కి రాలేదు.

మామ్మ తర్వాత అమ్మ తీసింది. పాక పోయి డాబా వచ్చినా, గ్యాసు పొయ్యి వచ్చినా పిడత కదలలేదు.

మొన్న అమ్మ జ్ఞాపకార్థ కూడిక అయ్యాక, సాయంత్రం అందరం వంటింట్లో చేరాం. పిడతలో సగం దాకా బియ్యం... మంచం పట్టే ముందు దాకా అమ్మ తీసినవే. ఇక మీదట ఎవరు తీస్తారు, అదీ మాట.

"వదినగారండీ, చర్చిలో బియ్యం తీసుకోడం మానేసేరండి. కానుక ఫోన్లోనే వేసేత్తన్నామండి" అంది మరదలు, నొచ్చుకుంటూనే.

"గుప్పెడు తీసేస్తే కుక్కర్లో నీళ్ళ కొలత తప్పుద్ది కదత్తా!" అంది తమ్ముడి కూతురు. అందరూ నవ్వారు... నేనూ నవ్వాను.

చెల్లి కువైట్‌లో ఒకరింట్లో వంట చేస్తుంది. పిడతని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"వాళ్ళ బియ్యంలోంచి నేను తీస్తే దొంగతనం అవుద్దక్కా. నువ్వు పట్టుకెళ్ళు."

నాకు షుగరు. డాక్టరుగారు అన్నం మానిపించి ఏళ్ళయింది. ఎసరే పెట్టని ఇంట్లో పిడతకేం పని?

ప్రార్థన చేద్దామన్నాను. కళ్ళు మూసుకుని "స్తోత్రం తండ్రీ" అన్నాను...

మీ ఇళ్ళల్లో ఇంకా ఎవరైనా గుప్పెడు తీస్తున్నారా? తీస్తుంటే ఆ సంగతి ఇక్కడ రాయండి, చదువుకుంటాను.

మా ఇంట్లో ఆ సాయంత్రం అనుకున్నది ఇదీ... మనది కాదని మామ్మ చెప్పిన ఆ బియ్యం, పొద్దున్నే వండుకుని మేమే తినాలని. నాకూ ఒక్క ముద్ద పెట్టాలని. తర్వాత పిడత కడిగి, అటక మీద బోర్లించాలని.