మున్నార్‌లో వంటగది

2023 వేసవి. పాలకొల్లు బస్టాండు దగ్గర మా ట్రావెల్స్ ఆఫీసు. పేరుకి ఆఫీసే కానీ ఒక కంప్యూటరు, నాలుగు కుర్చీలు, బుద్ధి పుడితే తిరిగే ఒక ఫ్యాను. ఏళ్ళ తరబడి అక్కడే కూర్చుని ఊరివాళ్ళని ఊళ్ళు తిప్పుతున్నాను. నేను ఎక్కడికీ తిరగలేదు, అది వేరే సంగతి.

క్రెడిట్ కార్డు పాయింట్లతో ప్రయాణాలు కుదిర్చిపెట్టడం ఈమధ్య మా పనిలో చేరింది. కార్డు మీద ఏం కొన్నా బ్యాంకు వాళ్ళు పాయింట్లు వేస్తారు. వాటిని టికెట్టుగానో హోటల్ గదిగానో మార్చుకోవడాన్ని రిడీమ్ చేయడం అంటారు. ఫోనులో ఆ తంటాలు పడలేనివాళ్ళు నా దగ్గరికొస్తే, పక్కన కూర్చుని ఏది నొక్కాలో చెబుతాను.

అలా వచ్చారు హైస్కూలు లెక్కల మాస్టారు రామకృష్ణ గారు, ఆయన భార్య పద్మ గారు. మాస్టారి జీతానికి అన్ని పాయింట్లు ఎక్కడివా అని ఆశ్చర్యపోయాను. ఆయనే నవ్వుతూ చెప్పారు. వాళ్ళన్నయ్య రొయ్యల చెరువుకి ఏరియేటర్లు, అంటే నీళ్ళలో గాలి ఆడించే మోటార్లు కొన్నా, చెల్లెలు గృహప్రవేశానికి ఫ్రిజ్జూ ఏసీలూ కొన్నా, ఈయనే వెళ్ళి కార్డు గీసేవారట. డబ్బు వాళ్ళు చేతిలో పెట్టేసేవారు. మా వైపు ఇది మామూలే. బంధువులందరికీ కలిపి ఒక కార్డు మనిషి ఉంటాడు.

పద్మ గారిది నరసాపురం. పెళ్ళయ్యాక ఆవిడ చూసిన ఊళ్ళన్నీ యాత్రా బస్సులోంచి చూసినవే. అత్తవారి తరఫు వాళ్ళంతా బస్సు మాట్లాడుకుంటారు, గ్యాసు పొయ్యి, డేగిసాలు వెనకాల పడేసుకుంటారు. మిగతావాళ్ళు దర్శనానికి వెళ్తే ఈవిడ సత్రంలో వంకాయలు తరుగుతారు.

కేరళ కొండల్లోని మున్నార్‌లో ఒక హోటలు చూపించాను. వాళ్ళిద్దరికీ, పిల్లలిద్దరికీ కలిపి రెండు గదులు. మాస్టారు ఫోటోలు చూస్తున్నారు. పద్మ గారు మాత్రం ఫోటోల జోలికి పోలేదు.

"పొద్దున్న టిఫిను వాళ్ళే పెడతారాండీ?"

"పెడతారండి. రెండు పూటలా భోజనం కూడా ఇందులోనే ఉంది."

"మరి గిన్నెలు?"

"గిన్నెలేంటండీ?"

"అదేనండి, తోమడం."

నాకు నవ్వొచ్చింది. "మీ చెయ్యి మీరు కడుక్కుంటే చాలండి" అన్నాను. ఆవిడ కూడా నవ్వారు. అంత హాయిగా నవ్విన మనిషిని ఆ కుర్చీలో నేను ఎక్కువగా చూడలేదు. మంచిరోజు చూసుకుని వచ్చి బుక్ చేసుకుంటామని వెళ్ళారు.

వారం తిరక్కుండా మళ్ళీ వచ్చారు. మాస్టారి మొహంలో నెత్తురు లేదు.

"మేడం గారూ, అన్నయ్యా వాళ్ళు, చెల్లీ వాళ్ళు కూడా వస్తారంటండి. మొత్తం తొమ్మిది మందిమి."

"పాయింట్లు అంతమందికి రావండి. వాళ్ళ గదులు వాళ్ళని డబ్బు కట్టి తీసుకోమనండి."

"ఎలా అనమంటారండీ? 'కార్డు నీదైతే ఏంటిరా, కొన్నది మేమే కదా' అనేశాడు మా అన్నయ్య. సరే రమ్మన్నానండి."

మొహమాటానికి పోతే కడుపొచ్చిందని సామెత. ఇక్కడ మొహమాటం ఆయనది, మోయాల్సింది ఆవిడ.

ఎందుకంటే దారి కూడా మాస్టారే కనిపెట్టుకొచ్చారు. అవే పాయింట్లకి సర్వీస్ అపార్ట్‌మెంట్ వస్తుంది. అంటే హోటలు కాదు, వంటగదితో సహా అద్దెకిచ్చే ఇల్లు. తొమ్మిది మందీ సర్దుకోవచ్చు.

"మరి భోజనాలండీ?" అన్నాను.

"మన పద్మ ఉందిగా! మా అన్నయ్యకి బయట తిండి పడదండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. "పద్మ గారూ, మీరేమంటారు?" అని సూటిగా అడిగాను. ఆవిడ గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ, "ఆయనెలా అంటే అలాగేనండి" అన్నారు. నా వైపు తిరిగి, "కుక్కరు అక్కడుంటుందాండీ? తొమ్మిది మందికి సరిపోయేదేనా?" అన్నారు.

మాస్టారు సంతోషంగా తలూపారు. భార్య ఒప్పుకుందనుకున్నారు. కస్టమరు అడిగింది చెయ్యడం నా పని కాబట్టి ఆ ఇల్లే బుక్ చేయించాను.

తిరిగొచ్చాక ఆయన టీపొడి పొట్లం తెచ్చిచ్చారు. "అదిరిపోయిందండీ! తిండికి హోటలు గుమ్మం ఎక్కలేదు!" అని మురిసిపోయారు. ఆ పొట్లం ఎవరికో ఇచ్చేశాను. ఆ టీ నాకు సయించేలా లేదు.

ఆ తర్వాత ఒకరోజు పద్మ గారు పుట్టింటివాళ్ళ రైలు టికెట్ల కోసం ఒక్కరే వచ్చారు. మున్నార్ ఎలా ఉందని అడిగాను.

"బాగుందండి. సింకు ఎదురుగానే కిటికీ. కొండలు బాగా కనపడ్డాయి."

"టీ తోటల్లోకి వెళ్ళారా?"

"వాళ్ళు వెళ్ళారండి. ఆ పూట నేను చపాతీలు చేశాను."

గొంతులో వెటకారం లేదు, ఏడుపూ లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఏసీ ఎవరు కొన్నారో, మోటారు ఎవరు కొన్నారో అందరికీ గుర్తుంది. వండిన చేతికి మాత్రం ఏ బ్యాంకూ పాయింట్లు వెయ్యదు.

అప్పట్నుంచి కుటుంబంతో ప్రయాణమని ఎవరొచ్చినా, ఎంతమంది, ఎన్ని రోజులు అని అడిగేముందు ఒకటే అడుగుతున్నాను. "అక్కడ వంటెవరు చేస్తారండీ?" చాలామంది మగవాళ్ళు ఇదేం ప్రశ్న అన్నట్టు నవ్వి, పక్క కుర్చీ వైపు చూస్తారు. "నేను చేస్తానండి" అన్నవాడు మా ఆఫీసు మెట్లు ఇంకా ఎక్కలేదు.