మేయర్ సందేశంలో నా మాట

ఉగాది దగ్గర పడితే నా ఇస్త్రీ బండి మీద తెల్లబట్టలు గుట్టగా పడతాయి. మా వార్డు కార్పొరేటర్ చొక్కాలు కూడా నా దగ్గరికే వస్తాయి. ఎప్పుడూ ఎవరో ఒకరి చేత పంపేవాడు, ఈ ఏడాది ఆయనే స్కూటర్ దిగి వచ్చాడు.

"ఏమప్పా పండితుడా! నీతో పనుండాది."

"చెప్పన్నా."

"మేయర్ గారు ఉగాదికి ఊరందరికీ సందేశం ఇస్తాండారు. జనం ఏమేం పన్లు చేసినారు, ఏమేం పండగలు కలిసి చేసుకున్నారు, వార్డుకొక ముక్క రాసియ్యమన్నారు. పౌర భాగస్వామ్యం అంట. నేను రాస్తే కాలువ తీసినాము, లైట్లు ఏసినాము అని రెండు ముక్కల్లో అయిపోతాది. నువ్వయితే పుస్తకాలు నమిలి మింగినోడివి. నాలుగు మంచి మాటలు ఏసి రాయి."

నమిలి మింగడమేమో గానీ, నేను చదువుకున్నవాణ్ణే. ఎనిమిదో తరగతితో బడి మానేసి నాయన బండి పట్టుకున్నాను. ఆ తర్వాత నా బడి గ్రంథాలయమే. సాయంత్రం పెట్టెలో బొగ్గులు ఆర్పేసి, చేతులు కడుక్కుని, అక్కడికి వెళ్లి కూర్చుంటాను. మొదట దినపత్రికలు, తర్వాత సంపాదకీయాలు, తర్వాత చరిత్ర, యాత్రలు, చివరికి నిఘంటువు. ఒక కొత్త మాట దొరికితే మర్నాడు బట్టలు ఇస్త్రీ చేస్తూ దాన్ని నోట్లోనే తిప్పుకుంటూ ఉంటాను. డిగ్రీ చదివిన కుర్రాళ్లు నాతో మాట్లాడి, "యాడ నేర్చుకున్నావన్నా ఈ తెలుగు?" అని అడిగితే నాకు కడుపు నిండిపోతుంది. అందుకే కార్పొరేటర్ అడిగిన పని నాకు బరువుగా అనిపించలేదు. ఎన్నాళ్లుగానో ఎవరో ఒకరు అడగాలని నేను ఎదురుచూస్తున్న పని అది.

నా బండికి ఎదురుగా ఒక చిన్న పార్కు ఉంది. పార్కు అని బోర్డు మాత్రం ఉండేది, లోపల రెండు మూడు వేపచెట్లు, తక్కినదంతా కంపచెట్లు, పగిలిన సీసాలు. కుందుర్పి దిక్కు నుంచి వచ్చిన ఒకామె దాన్ని బాగు చేసింది. ఆమె భర్త సెంట్రింగ్ పనికి పోతాడు. వానల్లేక చేను వదిలేసి ఇక్కడికి వచ్చి, మా వీధి చివర రేకుల ఇంట్లో ఉంటున్నారు. పారిశుధ్య పనివాళ్ల మీద ఉండే మేస్త్రీ ఒకరోజు ఆమెతో, "పార్కు ఊడుస్తాండు. ఖాళీ వస్తే నీ పేరే ఎక్కిస్తాం" అన్నాడట. అంతే, ఆ రోజు నుంచి ఆమె రోజూ పొద్దున్నే వచ్చేది. కసువు ఊడ్చేది, కంప కొట్టేది, మూల మీది బోరు దగ్గర నుంచి బిందెలతో నీళ్లు మోసి వేపచెట్లకూ, తాను నాటిన కానుగ మొక్కలకూ పోసేది. పని అయ్యాక పొరక తెచ్చి నా బండి కింద పెట్టి ఇంటికి పోయేది.

పొరక పెట్టేటప్పుడు రోజూ అదే మాట. "మేస్త్రీ చెప్పినాడన్నా, ఈ తూరి నా పేరు ఎక్కుతాదని. పేరెక్కితే నెలనెలా జీతం పడ్తాది కదా. ఆయన ఒంట్లో బాగలేకపోయినా పొయ్యి ఆరిపోదు."

కాబట్టి ఆమె ఎందుకు ఊడుస్తోందో నాకు తెలుసు. ఈ వాక్యం రాయకుండా తక్కినదంతా రాస్తే అది అబద్ధమవుతుంది.

ఆ రాత్రి కార్పొరేటర్ కోసం రాయడం మొదలుపెట్టాను. సంక్రాంతికి మా వీధి ఆడవాళ్లు పెట్టిన ముగ్గుల పోటీ, రంజాన్ సాయంత్రాల్లో ఇఫ్తార్ కోసం అందరం కలిసి వేసిన పందిరి, క్రిస్మస్‌కు చర్చి వాళ్లు ఇంటింటికీ పంచిన కేకు, మేమే పూనుకుని తీసిన కాలువ, అన్నీ వరసగా వచ్చాయి. పార్కు దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది. "ఒకామె మా పార్కును ఊడ్చి, నీళ్లు పోస్తోంది" అని రాశాను. చప్పగా అనిపించింది. మేయర్ నోట పలికే వాక్యం అలా ఉండకూడదనిపించింది. కొట్టేసి, "ఒక శ్రమజీవి స్వచ్ఛందంగా ఈ ఉద్యానాన్ని కన్నబిడ్డలా సాకుతోంది" అని రాశాను.

స్వచ్ఛందం. నిఘంటువులో నేను వెతికి పట్టుకున్న మాట. తన ఇష్టం, తన అభిప్రాయం. వాడుకలోకి వచ్చేసరికి ఏమీ ఆశించకుండా చేసే సేవ. ఆ చకారం కింద ఛకారం ఒత్తు పడే చోట నాలుక ఒక క్షణం ఆగడం నాకు ఇష్టం. మేయర్ ఆమెను మెచ్చుకుంటే పేరు తొందరగా ఎక్కుతుందని నాకు నేను చెప్పుకున్నాను. అది కొంత నిజమే. ఆ మాటను మైకులో వినాలన్న కోరిక అంతకంటే ఎక్కువ నిజం.

కార్పొరేటర్ చదివి, "అబ్బా, ఏం రాసినావప్పా! ఆమెను పిలిచి శాలువా కప్పుదాం" అన్నాడు.

ఉగాది రోజు పొద్దున వేపపూత కోసం వీధిలో సగం మంది పార్కులో పడ్డారు. ఆమె నీళ్ల బిందె చంకన పెట్టుకుని, "పూత కోసుకోండి గానీ కొమ్మలిరిస్తే చేతులిరుస్తా!" అని అరుస్తూ తిరిగింది. ఒక పెద్దాయన నవ్వి, "నువ్వేమన్నా ఈ పార్కుకు కలెక్టరా?" అన్నాడు. "రేపో మాపో అయితాలే, గమ్మున పూత కోసుకొని పో" అంది.

సాయంత్రం సభ. పచ్చడి పంచారు, పిల్లలు కోలాటం ఆడారు. మేయర్ సందేశం చదవడం మొదలుపెట్టాక నేను మా వార్డు ఎప్పుడొస్తుందా అని కుర్చీ అంచు మీద కూర్చున్నాను. వచ్చింది. ఆ వాక్యం దగ్గర మేయర్ ఒక క్షణం ఆగి, ఒత్తు తప్పకుండా పలికారు. నా పెదాలు కూడా కదిలాయి. చప్పట్లు మోగాయి. ఆమెను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. అంత ఎండాకాలంలో ఆ శాలువా భుజాల మీద నుంచి తీయకుండా ఇంటికి నడిచి వెళ్లింది. ఆదివారం చర్చికి కూడా అదే కప్పుకుని పోయిందని మా ఆవిడ చెప్పింది.

ఆ తర్వాత కొద్ది రోజులకు బండి దగ్గరికి వచ్చింది. మళ్లీ శాలువాతోనే ఉంది. చెమటతో మెడ తడిసిపోయింది.

"కార్పొరేషన్ ఆఫీసుకు పోయొస్తాండా అన్నా. ఖాళీలు ఉండాయంట, పేరెక్కిస్తారేమోనని అడిగినా. ఆడ ఒక సారు మేయర్ చదివిన కాగితం తీసి చూసి నవ్వినాడు. నువ్వు సొచ్చందంగా చేస్తాండావా అమ్మా, అని అడిగినాడు. నాకు తెలీక గమ్మున వచ్చేసినా. ఆ మాటకు అర్థమేందన్నా? నువ్వు చదువుకున్నోడివి కదా."

చేతిలో ఇస్త్రీ పెట్టె కాలుతోంది. దాన్ని పక్కన పెట్టాను. ఒక చొక్కా మీద నీళ్లు చల్లాను. అది ఇంతకుముందే తడిపిన చొక్కా.

"మనసారా అని అర్థం" అన్నాను. "మనసు పెట్టి చేయడం."

"అంతేనా? దానికి నవ్వేదేముండాది? నేను మనసారానే చేస్తాండా కదా. రేపు పోయి చెప్తా."

ఆమె పోతుంటే పిలవొచ్చు. వీధి మలుపు దాకా కనిపిస్తూనే ఉంది. పిలిస్తే, ఆ మాట ఎవరు రాశారో కూడా చెప్పాల్సి వస్తుంది. పిలవలేదు.

మర్నాడు మధ్యాహ్నం నవ్వుతూ వచ్చింది. "చెప్పినా అన్నా! అవును సార్, నేను సొచ్చందంగానే చేస్తాండా, నన్ను ఎవురూ బలవంతం చేయలే అని గట్టిగా చెప్పినా. రాసుకొని సంతకం కూడా చేయించుకున్నాడు." పొరక బండి కింద పెట్టి, ఎప్పటిలా బండి పక్కన రాయి మీద కూర్చుని మంచినీళ్లు తాగింది. నేను ఆ రోజు మూడు చొక్కాలు మాడ్చాను.

ఇంట్లో మా ఆవిడకు జరిగింది చెప్పాను. ఆమె చాట పక్కన పెట్టి, "అంతోటి మాట నీకు తెలిస్తే, ఆమెకు అర్థం చెప్పేటప్పుడు నోరెందుకు పడిపోయింది?" అంది. మళ్లీ చాట అందుకుంది.

మర్నాడు కార్పొరేటర్ దగ్గరికి వెళ్లాను. ఆ మాట పొరపాటున పడిందని, ఆమె జీతం కోసమే పని చేస్తోందని ఆఫీసులో చెప్పమని అడిగాను.

"ఏమప్పా, నువ్వే కదా ఆమెను పెద్దగా చేసి చూపిచ్చినావు? ఇప్పుడు చిన్న చేయమంటావా? మేయర్ చదివిన మాట. ఊరంతా పంచినారు. నేను పోయి అది తప్పు అని చెప్పాల్నా?" అన్నాడు. కోపంగా అనలేదు, చొక్కా గుండీ పెట్టుకుంటూ అన్నాడు. ఆ చొక్కా నేను ఇస్త్రీ చేసిందే.

మేస్త్రీ ఆ వారమే ఆమెకు విషయం చెప్పేశాడు. ఖాళీలో వేరే మనిషి పేరు ఎక్కింది. "జీతమొద్దు, ఊరికే చేస్తాండా అని నువ్వే సంతకం పెట్టినావంట కదమ్మా. నేనేం చేసేది?" అన్నాడట.

ఈసారి శాలువా లేదు. బండికి ఎదురుగా నిలబడి అడిగింది. "సొచ్చందంగా అంటే జీతం లేకుండా అనా?"

"అవును."

"ఆ పొద్దు నీకు తెలుసునా?"

"తెలుసు."

"మేయర్‌కు రాసిచ్చింది నువ్వేనంట."

"నేనే."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. వంగి, బండి కింద ఉన్న పొరక తీసుకుంది. "ఇది ఇంగ ఈడ పెట్టను" అంది. కొంచెం దూరం పోయి మళ్లీ తిరిగి వచ్చింది. "సోమవారం కలెక్టరాఫీసులో గ్రీవెన్సు ఉండాది, అర్జీలు తీసుకుంటారు. నాతో రా. అర్జీ రాయి. ఆ మాట నాది కాదు, నీదని ఆడ చెప్పు."

అప్పటి నుంచి పార్కుకు రాలేదు. టమాటా మండీలో బుట్టలు మోసే పనికి పోతోందని విన్నాను. కానుగ మొక్కల ఆకులు అంచుల నుంచి ముడుచుకుపోతుంటే ఎదురుగా కూర్చుని చూశాను. రెండు బిందెలు పోసి వచ్చాను కూడా. పోస్తున్నంతసేపూ, ఎవరైనా చూసి నన్ను మెచ్చుకుంటారేమోనని భయమేసింది.

సోమవారం ఇద్దరం వేరువేరుగా వెళ్లి గేటు దగ్గర కలిశాం. వరస పొడుగ్గా ఉంది. రాప్తాడు నుంచి పింఛన్ కోసం వచ్చినవాళ్లు, పట్టా పాస్‌బుక్కు కోసం వచ్చినవాళ్లు. నేను రాసిన అర్జీ ఆమెకు ఇచ్చాను. ఆమెకు సంతకం పెట్టడం వచ్చు, చదవడం రాదు. కాగితం తీసుకుని, నన్ను దాటి, మా ముందు నిలబడిన ఒక చదువుకునే అమ్మాయి చేతిలో పెట్టింది. "పాపా, ఇది గట్టిగా చదువు. ఒక్కో మాటకు అర్థం చెప్పు."

నేను పక్కనే ఉన్నాను. ఆ అమ్మాయి నన్ను ఒకసారి, కాగితాన్ని ఒకసారి చూసి చదవడం మొదలుపెట్టింది. "సవినయంగా మనవి చేసుకునేదేమనగా…"

"ఆగు. సవినయంగా అంటే?"

"అంటే… అణకువగా, తల వంచుకొని అని అక్కా."

ఆమె నా వైపు తిరిగింది. "ఆ మాట కొట్టెయ్యి."

గోడకు కాగితం ఆనించి కొట్టేశాను. "తర్వాత?" అంది. "పార్కును సంరక్షించుచున్న…" అని చదివింది అమ్మాయి. "అదేంది?" "చూసుకుంటున్న అని." "మరి చూసుకుంటున్న అనే రాయొచ్చు కదా?" అదీ కొట్టేసి రాశాను. వరసలో వెనకున్నాయన, "ఇట్లయితే మీ అర్జీ పొద్దుమునిగేదాకా అయితాదక్కా" అని నవ్వాడు. ఆమె నవ్వలేదు. చివరి గీత దాకా అడిగింది. "ఈమె జీతం వస్తుందని చెబితే పని చేసింది" అనే వాక్యం దగ్గర మాత్రం అర్థం అడగలేదు. "ఇంకోసారి చదువు" అంది.

మా వంతు వచ్చింది. బల్ల వెనకాల అధికారి కాగితం మీది కొట్టివేతలు చూసి మొహం చిట్లించాడు. ఆమె నా చెయ్యి పట్టుకోలేదు, మోచేత్తో ముందుకు తోసింది. "ఈయన్న రాసినాడు సార్ ఆ మాట. నేను కాదు. ఈయన్నే అడుగు."

"అవును సార్" అన్నాను. "ఆమెకు అర్థం తప్పు చెప్పింది కూడా నేనే. నా మాట నమ్మే ఆ సంతకం పెట్టింది."

"మరి ఎందుకు రాశావయ్యా అట్లా?"

గ్రంథాలయంలో చదివిన వాక్యాల్లో ఒక్కటీ అక్కరకు రాలేదు.

"బాగుంటుందని రాశాను సార్."

ఆయన కలం మూత తీశాడు. అర్జీ అంచున రాయడానికి చోటు వెతుకుతున్నాడు. ఆమె నా వైపు చూడలేదు. ఏం రాస్తాడోనని ఆ చేతినే చూస్తూ నిలబడింది.