వంక గట్టున ఎనక్కి తిరిగిన ఇంజను

మాది డోన్. నేను ఓడలో ఇంజనీరును. పెళ్లయిన కొత్తలో సెలవుకొచ్చి, కోయిలకుంట్ల దగ్గర అత్తగారి ఊరికి పోయినా. మిరపచేను వాడుతాండాదని మా మామ నీళ్లు తోడనీకి వంక గట్టున కొత్త డీజిల్ ఇంజను దించినాడు. పాస్టరుగారు ప్రార్థన ముగించినాక, "ఓడలు నడిపే అల్లుడుండంగ ఇంకొకరెందుకప్పా? ఆయప్పే స్టార్ట్ చేస్తాడు" అన్నాడు మామ.

మా ఓడ ఇంజను మూడంతస్తుల ఎత్తు. దాన్ని గాలి ఒత్తిడితో స్టార్ట్ చేస్తాం. గేరుబాక్సు ఉండదు కాబట్టి, ఓడ వెనక్కి పోవాలంటే ఇంజన్నే ఆపి ఎదురు తిప్పుతాం. ఇదంతా అందరికీ వివరించి, హ్యాండిల్ పట్టి తిప్పినా. ఊపు చాల్లేదు. ఇంజను ఎదురుతన్ని, వెనక్కి తిరగబట్టింది! గాలి పీల్చాల్సిన ఫిల్టరులోంచి నల్లపొగ పాస్టరుగారి తెల్లచొక్కా మీదికి కొట్టింది. నేను ఆపే మీట కోసం ఇంజను చుట్టూ తిరుగుతాండా.

మా అత్త తడి గోనెసంచి తెచ్చి పొగగొట్టం మూతికి అదిమింది. వెనక్కి తిరిగే ఇంజను గాలి పీల్చేది అందులోంచేనని ఆమెకు తెలుసు. ఇంజను ఆగింది. కొంగు బిగించి ఆమే ఒక్క ఊపున సరిగ్గా లేపింది. నీళ్లు దూకినాయి.

"ఎనక్కి పోనీకి మా చేనేమన్నా ఓడా నాయనా?" అనింది.

ఇప్పటికీ ఓడ వెనక్కి తిప్పమని కెప్టెన్ ఆర్డరిస్తే, నా కళ్లు ముందుగా తడి గోనెసంచిని వెతుకుతాయి.