వేలాడే కొమ్మ కింద పొంగలి

గాలివాన వెలిసినాక మా నాయన మమ్మల్ని మామిడితోటలోకి పోనిచ్చేవాడు కాదు. కాయలన్నీ రాలి ఉండేవి. పిల్లలం గంపలు పట్టుకొని కంచె కాడ నిలబడి ఉండేవాళ్లం. ఆయన ఒక్కడే లోపలికి పోయి, ఒక్కో చెట్టు కాడా ఆగి తలెత్తి చూసేవాడు. విరిగి పైనే చిక్కుకున్న కొమ్మ కనపడితే ఆ చెట్టు చుట్టూ ముళ్లకంప వేసేవాడు. దాన్ని దించేదాకా కింద కాయలు కుళ్లిపోతా ఉన్నా ఎవురినీ ఆ పక్కకు రానిచ్చేవాడు కాదు. నేను బడికి పోయింది కొన్నాళ్లే. పలక మీద నేర్చుకున్నది చాలావరకు పోయింది. తోటలో చూసింది మాత్రం పోలేదు. అదీ పోయి ఉంటే నాకింత కడుపుమంట ఉండేది కాదేమో.

మా ఇల్లు సత్యవేడు పక్కన. నాదీ మా మరిదిదీ ఆనుకొని ఉన్న ఇండ్లు, వెనకాల పెరడు ఒక్కటే. ఆ పెరట్లో వేపచెట్టు. మా అత్త కాలం నుంచి దాన్ని గంగమ్మ అంటారు. ఆషాఢం పక్క వచ్చే ఆడినెలలో మొదలుకు పసుపు పూసి, పసుపు గుడ్డ చుట్టి, దాని కింద రాగి అంబలి పోస్తాము. వీధిలో వాళ్లంతా చెంబులు తెచ్చుకొని తాగి పోతారు. మొదలుకు కాస్త ఎడంగా మూడు రాళ్లు ఉండాయి, పొంగలి పెట్టేదానికి. అవి మా అత్త పెట్టిన రాళ్లు. వాటిని జరిపేది లేదు.

నా తోడికోడలు ఈ ఇంటికి వచ్చేటప్పటికి దానికి సరిగ్గా అన్నం వార్చడం కూడా రాదు. నేనే నేర్పించినాను. నేను జ్వరంతో మంచం పట్టినప్పుడు నా బిడ్డకు తన పాలిచ్చి పెంచింది అది. ఇండ్లు వేరైనాక కూడా మా కూరగిన్నెలు గోడ మీదుగా పోతా వస్తా ఉండేవి. ఎవురి గిన్నె ఎవురిదో మాకే గుర్తుండేది కాదు.

ఒక కార్తీకంలో సముద్రం పక్క నుంచి తుపాను కొట్టింది. రేకులు లేచిపోయినాయి. సూళ్లూరుపేట దారిలో చెట్లు అడ్డంగా పడి బస్సులు ఆగిపోయినాయి. గాలి ఆగినాక చూస్తే మా వేపచెట్టు రెండు కొమ్మలు విడిపోయే పంగ కాడ చీలి ఉండాది. పెద్ద కొమ్మ విరిగింది గానీ కింద పడలా. మొదలు పక్క ఇంత బెరడు మాత్రం పట్టుకొని ఉండాది. కొన పక్క దాని రెమ్మలే నేలకు ఆని ఊతకర్రల మాదిరి నిలిచినాయి. నడుమ దూలమంత కొమ్మ గాల్లో ఉండాది. దాని కిందనే మా అత్త పెట్టిన రాళ్లు.

ఇంటికొచ్చే కరెంటు తీగ ఆ ఆకుల్లో చిక్కుకొని ఉంటే, కబురు పెట్టి కరెంటు ఆపించి, తీగ తీయించినాక గానీ నేను పెరటి గడప దాటలేదు. అప్పుడు కూడా చెట్టుకు దూరంగానే నిలబడినాను.

"ఎవురూ దాని కిందికి పోబాకండి. మామిడితోటల్లో కొమ్మలు దించే వాళ్లను పిలిపిస్తాను. తాళ్లు కట్టి వాళ్లే దించుతారు" అన్నాను.

మరిది నవ్వినాడు. "విన్నారా? అగ్గిపుల్లను రెండుగా చీల్చి వాడే మా వదిన కూలోళ్లను పిలుస్తుందంట! తుపాను చెట్టుకే తగిలిందనుకున్నా, వదినక్కూడా తగిలినట్టుండాది."

తోడికోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. నవ్వనీ అనుకున్నాను. నేను కొబ్బరిపీచు కూడా పారెయ్యను, ఊరందరికీ తెలుసు.

తోటల వాళ్లు బుధవారం వస్తామన్నారు. అప్పుడు మరిదికి అమ్మవారు గుర్తుకొచ్చింది. సెలవు అడగకుండా గంగమ్మ మీద గొడ్డలి పడితే ఇంటికి మంచిది కాదంట. మంగళవారం పొంగలి పెట్టాలన్నాడు.

"పెట్టప్పా, ఎవురు వద్దన్నారు? వీధి వాకిట్లో పెట్టు. చెట్టు పక్కకు తిరిగి కర్పూరం వెలిగించు" అన్నాను.

"అమ్మ కాళ్ల కాడ పెట్టాల్సింది వాకిట్లో పెడతారా వదినా?"

"అమ్మ వాకిలి దాకా రాలేదా?"

తోడికోడలు చెంపలేసుకుంది. "అట్లా మాట్లాడబాక అక్కా. అత్త పెట్టిన రాళ్లుండంగా ఇంకోచోట ఎట్ల పెడతాం?"

"ఏమ్మే, తలెత్తి చూడు ఒకసారి. అది నీ నెత్తిన పడేదానికి చూస్తా ఉండాది."

ఆ మాట అన్నాను. ఇప్పటికీ అంటాను. చూసింది చూసినట్టు చెప్పినాను.

మంగళవారం పొద్దున నేను బియ్యంలో రాళ్లు ఏరతా ఉంటే పెరట్లో మచ్చుకత్తి చప్పుడైంది. చాట కింద పెట్టి బయటికి వచ్చినాను. మరిది నేలకు ఆనిన రెమ్మల్ని నరకతా ఉండాడు. కుండకు చోటు లేదంట. ఆకులు మంటకు అంటుకుంటాయంట. అవతల తోడికోడలు రాళ్ల మీద కొత్త కుండ పెట్టి, వంగి పొయ్యి ఊదతా ఉండాది.

"ఆపప్పా! వాటి మీదనే నిలిచుండాది అది!" అని అరిచినాను.

"ఇవి రెమ్మలు వదినా. అమ్మ మీద గొడ్డలి పెట్టలేదులే" అన్నాడు, నరకడం ఆపకుండా.

సెలవు అడగకుండా చెట్టు మీద కత్తి పెట్టకూడదని పొంగలి. ఆ పొంగలికి చోటు కావాలని కత్తి. ఎవురికైనా చెప్తే నవ్వుతారు. నేను "లెయ్యి మే!" అని తోడికోడలి వైపు పరుగెత్తినాను. అది పొగకు కళ్లు తుడుచుకుంటా నా పక్కకు తిరిగింది. ఒక రెమ్మ తెగింది. కొమ్మ ముందు మెల్లిగా, ఎవురో అలిసిపోయి కూర్చున్నట్టు దిగింది. ఆపైన బెరడు చీలిన చప్పుడు. కుండ పగిలింది. తోడికోడలి తొడ మీద పడింది కొమ్మ.

ప్రాణం పోలేదు. తిరుపతి ఆసుపత్రిలో తొడ ఎముకకు కడ్డీ వేసినారు. దాని మంచం పక్కన నేల మీద పడుకున్నది నేను, మూత్రం గిన్నె ఎత్తింది నేను, తల దువ్వింది నేను. ఒకరోజు నేను జడ వేస్తా ఉంటే, చూడను వచ్చినోళ్లకు అది చెప్పింది: "నెత్తిన పడతాదని అక్క నోట ఆ మాట రాకుండా ఉండాల్సింది. అమ్మ వినింది." చూడను వచ్చినోళ్లంతా తలలూపినారు. మరిది కిటికీలోంచి బయటికి చూస్తా ఉండాడు. రెమ్మల మాట ఆ పొద్దు గానీ ఆ తర్వాత గానీ ఎవురూ ఎత్తలేదు. నేను జడ పూర్తి చేసి, రబ్బరు వేసి, చేతులు కడుక్కోను పోయినాను.

తోటల వాళ్లు వచ్చి, పడిన కొమ్మను ముక్కలు చేసి పోయినారు. ఆ కట్టెలు నేనే పేర్చుకున్నాను, నీళ్లపొయ్యిలో కాల్చుకున్నాను. పారేసే దాన్ని కాదు. మిగిలిన కొమ్మను కూడా దించమన్నాను, పంగ కాడ చీలిక ఉండాదని వాళ్లూ అన్నారు. మరిది ఒప్పుకోలేదు. అమ్మకు ఇంకా ఎంత నొప్పి పెడతావు వదినా అన్నాడు.

గోడ మీదుగా గిన్నెలు రావడం ఆగిపోయింది. ఆఖరున వచ్చిన తోడికోడలి గిన్నె ఒకటి నా కాడనే ఉండిపోయింది. తోమి బోర్లించినాను.

ఆడినెల వచ్చింది. చెట్టుకు మళ్లీ పసుపు పూసినారు. తోడికోడలు చేతికర్ర పట్టుకొని వచ్చి, మిగిలిన కొమ్మ కిందనే కుర్చీ వేయించుకొని కూర్చుంది, అంబలి పోసేదానికి. నేను తలెత్తి చూసినాను. చీలిక నోరు ఇంకొంచెం తెరుచుకొని ఉండాది. నేను పెదవి కదిపేలోగానే అది అనింది: "అక్కా, నీకు దండం పెడతాను. ఏమీ అనబాక."

అనలేదు. అంబలి కుండకు రెండు పక్కలా గుడ్డ పెట్టి ఎత్తుకున్నాను. ఈ వయసులో నడుము పట్టుకుంటుందని తెలుసు. నా ఇంటి గడప కాడికి మోసుకొచ్చి దించి, గరిటె పట్టుకొని కూర్చున్నాను. చెంబులు పట్టుకొచ్చిన వాళ్లు ఒక్క నిమిషం చెట్టు పక్క చూసి, కుండ ఉన్న చోటికే వచ్చినారు.

"మా వదినకు అమ్మవారంటే కూడా లెక్క లేదు" అని మరిది వినపడేటట్టే అన్నాడు.

అందరికీ పోస్తా ఉండాను. చెట్టు కింద అదొక్కటే మిగిలింది. చానాసేపటికి చేతికర్ర చప్పుడు, కుర్చీ ఈడ్చుకుంటా వచ్చిన చప్పుడు అయినాయి. నా పక్కకు రాలేదు. ఎదురు గోడ కాడ కుర్చీ వేసుకొని, నా మొహం కనపడకుండా అటు తిరిగి కూర్చుంది. నా కాడ ఉండిపోయిన దాని గిన్నెలోనే అంబలి పోసి పంపించినాను. తాగకుండా పక్కన పెట్టింది. పెట్టుకోనీ. మనిషి ఆ కొమ్మ కింద మాత్రం లేదు.