దీపం ఆయన చేతికే వెలిగింది

పాలిటెక్నిక్ కాలేజీ ఎలక్ట్రానిక్స్ ల్యాబులో పనిచేసే ఆ మాస్టారి దృష్టిలో మనుషులు రెండే రకాలు: తానూ, మిగతా మట్టిబుర్రలూ. ఆ రెండో రకానికి నమూనాగా అదే ల్యాబులో సహాయకుడైన సొంత బావమరిదిని చూపించేవాడు. భార్య మొహం చూసి భరిస్తున్నానని అందరితోనూ అనేవాడు, ఆ అబ్బాయి వింటుండగానే.

ల్యాబు ఇన్‌చార్జి ఎవరో ఆ రోజు తేలాలి. కొత్తగా వచ్చిన హెడ్ మేడం ఇద్దరి పనీ చూశాక చెబుతానంది. బావమరిది కింద పనిచేయాల్సివస్తే మాస్టారు అత్తవారింటి గడప తొక్కగలడా?

అందుకే డెమో అంతా తన చేతుల్లోకే తీసుకున్నాడు. మైక్రోకంట్రోలర్ బోర్డులో కంపారేటర్ అని ఒక భాగం ఉంటుంది. రెండు వోల్టేజీలిస్తే ఏది ఎక్కువో చెబుతుంది, అంతకుమించి ఒక్క ముక్క రాదు. ఎదుటివాడు తనకంటే తక్కువని తేల్చడం తప్ప మరో విద్య ఎరగని మాస్టారికి అది నచ్చడంలో వింతేముంది?

నాబ్ తిప్పితే వోల్టేజీ పెరగాలి, హద్దు దాటగానే ఎర్రదీపం వెలగాలి. వైర్లు గుచ్చి నాబ్ తిప్పాడు. వెలిగింది. చెయ్యి తీశాడు. ఆరింది. ఇంకేం, అయిపోయిందన్నాడు. మళ్లీ సరిచూసుకోవడం అనుమానప్పక్షుల పని అని ఆయన సిద్ధాంతం.

“చెయ్యి తీస్తే ఆరిపోతోందేంటి బావా? నాబ్ తిప్పిన చోటే ఉందిగా,” అన్నాడు బావమరిది.

“నీకు సందేహం వచ్చిందంటే నేను సరిగ్గా చేసినట్టే.”

మేడం వచ్చింది. మాస్టారు తిప్పాడు, వెలిగింది. చెయ్యి తీయమంది, ఆరింది. దానికి తన చెయ్యి అలవాటని మాస్టారు గంభీరంగా సెలవిచ్చాడు. ఆమె నాబ్‌ను బోర్డు నుంచి ఊడదీసి పక్కన పెట్టి, ఇప్పుడు అదే చోట చెయ్యి పెట్టమంది. పెట్టాడు. దీపం నిక్షేపంలా వెలిగింది. నాబ్ నుంచి రావలసిన వైరు గుచ్చాల్సిన చోట కాక పక్క రంధ్రంలో ఉంది. కంపారేటర్ పిన్నుకి తగిలించిన వైరు దేనికీ కలవకుండా వేలాడుతూ, దగ్గరికొచ్చిన చేతినే వోల్టేజీ అనుకుంటోంది.

“ఇంతసేపూ ఇది కొలిచింది మిమ్మల్ని, మాస్టారూ,” అంది మేడం. తర్వాత బావమరిది వైపు తిరిగి, ఇది ముందే గమనించి ఉంటే ఇన్‌చార్జి పని ఈ క్షణమే నీదంది.

అతను బావ మొహం చూశాడు. నెత్తుటిచుక్క లేదు.

“లేదు మేడం, నాకూ తట్టలేదు.”

ఇద్దరికి ఇద్దరూ సరిపోయారని మేడం ఆ బాధ్యత తన దగ్గరే ఉంచుకుని వెళ్లిపోయింది.

ఇంటిదారిలో మాస్టారికి మెల్లగా ప్రాణం లేచొచ్చింది. పొద్దున బావమరిది అడిగింది ఆయనకు గుర్తులేదు. ఆ మాటలు ఏనాడు చెవికెక్కాయి కనుక? జాలిగా భుజం తట్టాడు.

“పోనీలేరా, నాకే తట్టనిది నీకెలా తడుతుంది?”