మానని పుండు, మా పాథాలజీ సారు

మా పాథాలజీ సారు పోయారని ఆయన ఇంటి ఓనరమ్మ నా క్లినిక్‌కు వచ్చి చెప్పింది. పొద్దున చాయ్ తీసుకుని మేడ మీదికి వెళ్తే ఆయన కుర్చీలో కూర్చునే ఉన్నారట. నిద్రపోతున్నారనుకుని కప్పు పక్కన పెట్టి దిగిపోయిందట. మళ్లీ వెళ్లేసరికి చాయ్ అట్లనే ఉంది. "ఎవరికి చెప్పాల్నో తెల్వలేదమ్మా. సారు అప్పుడప్పుడు మీ ముచ్చటే తీస్తుండె" అంది.

డెబ్బైల్లో నేను వరంగల్‌లో వైద్యం చదివేటప్పటికే ఆయన భార్య పోయింది. పిల్లలు లేరు. క్లాసులు అయిపోయినా ఆయన ల్యాబ్‌లోనే ఉండేవారు. సారుకు సబ్జెక్టంటే ప్రాణమని అనుకునేవాళ్లం. ఇంటికి పోయినా పలకరించే మనిషి లేకనే అక్కడ కూర్చునేవారని చాలా తర్వాత తట్టింది. ఆయనకు షుగర్. మాకు చక్కెర వేసిన చాయ్ తెప్పించి, తాను చప్పటి చాయ్ తాగేవారు. "తియ్యగున్నదా?" అని మమ్మల్ని అడిగేవారు.

ఒక ప్రాక్టికల్ క్లాసులో నేల మీద ఎర్రటి మరకలు కనిపించాయి. ఆయన నడిచిన దారి పొడవునా ఉన్నాయి. "సార్, మీ కాలు నుంచి రక్తం కారుతాంది" అన్నాను. పగిలిన గాజు ముక్క ఒకటి పలచటి చెప్పును చీల్చుకుని కాలి బొటనవేలి కింద దిగింది. ఆయన కాలు పైకెత్తి, వేరేవాళ్ల కాలును చూసినట్టు చూశారు. "నాకేం తెలుస్తలేదు బిడ్డా" అన్నారు. దూది పెట్టి గుడ్డ కట్టుకుని పాఠం పూర్తి చేశారు.

ఆ పుండు మానలేదు. ఎన్ని కట్లు మార్చినా, ఎన్ని సూదులు వేసినా వేలు నల్లబడింది. చివరికి దవాఖానలో ఆ వేలు తీసేశారు.

కాలేజీకి తిరిగి వచ్చాక ఒక మధ్యాహ్నం మాలో కొందరిని పిలిచి, మైక్రోస్కోపు కింద ఒక స్లైడు పెట్టారు. "ఏం కనవడుతాంది?" అని నన్ను అడిగారు.

"పాత పుండే సార్. కాని మానుడు షురువే కాలేదు."

"ఎట్ల చెప్తున్నవ్?"

కనిపించింది కనిపించినట్టు చెప్పాను. చీము, చచ్చిన కండ. కొత్త రక్తనాళాలు దాదాపు లేవు. ఉన్న సన్నటి నాళాల గోడలు దళసరిగా ఉన్నాయి. పీచు అల్లే కణాలు అక్కడొకటి, ఇక్కడొకటి. ఎముక అంచు తినేసినట్టుంది, కొత్త ఎముక జాడ లేదు.

"మంచిగ చూసినవ్. అది నా వేలే" అన్నారు.

ఆయన మెల్లగా చెప్పసాగారు. "దెబ్బ తగలంగనే తెల్లకణాలు ఉరికి రావాలె. రక్తంల షుగర్ ఎక్కువుంటె అవి ఆలస్యంగ వస్తయ్, వచ్చినా క్రిములను సరిగ్గ మింగవు. వాటెనుక ఊడ్చే పెద్ద కణాలొస్తయ్. అవి ఊడ్చుడు అయినంక, ఇగ కట్టుడు షురు చెయ్యిమని మిగతా కణాలకు కబురు పెట్టాలె. ఆ కబురు పోదు. పుండు ఆడనే ఆగుతది. పీచు తక్కువ, అల్లినదాంట్ల బలం తక్కువ. నాళాలు బిరుసైతె పుండుకు ఆక్సిజన్ అందది. నరాలు మొద్దువారినయ్ గనుక మనిషికి నొప్పి తెల్వది. అదే కాలు మీద నడుస్తనే ఉంటడు."

"ఇంట్ల ఎవరు కట్టు కడ్తరు సార్?" అని నా పక్కనున్న అమ్మాయి అడిగింది.

ఆయన స్లైడు తీసి తుడుస్తూ, "ఇంట్ల ఎవరున్నరు" అన్నారు.

ఆదివారాలు నేనొచ్చి కాలు చూస్తానన్నాను. ఒప్పుకోలేదు. "నాది నేను చూసుకుంట. రేపు నీ దగ్గరికొచ్చే షుగర్ పేషెంట్లకు చెప్పులు విడిపించి పాదాలు చూడు. వాళ్లంతట వాళ్లు చెప్పరు. వాళ్లకే తెల్వది" అన్నారు.

ఎనభైల్లో నేను హన్మకొండలో క్లినిక్ పెట్టుకున్నాను. ఆయన రిటైరయ్యారు. బస్సు దిగుతూ కాలు మడతపడి చీలమండ దగ్గర ఎముక విరిగితే, నొప్పి లేదని వాచిన కాలితోనే తిరిగారు. ఆలస్యంగా కట్టిన పిండికట్టు మళ్లీ మళ్లీ పొడిగించాల్సి వచ్చింది. ఎక్స్‌రే తీసుకుని నేను మేడ ఎక్కితే, దాన్ని కిటికీ వెలుతురుకు పట్టుకుని చూశారు.

"విరిగినకాడ మొదలు మెత్తగ అతుకుతది, తర్వాత ఎముక కట్టే కణాలొచ్చి గట్టి చేస్తయ్. నాకు మెత్తదే సగం వచ్చింది. కట్టేటియి రాలేదు" అన్నారు. ఎక్స్‌రే నా చేతికిస్తూ, "నువ్వు మెట్లెక్కుతాంటెనే గుర్తువట్టిన. కాలుకు తెల్వదు గని చెవులకు తెలుస్తది" అన్నారు.

ఆ ఎముక సరిగ్గా అతకనేలేదు. ఆయన కిందికి దిగడం మానేశారు. మిర్చి సీజనులో ఎనుమాముల మార్కెట్‌కు పోయే బస్తాల లారీలను చూస్తూ కిటికీ దగ్గర కూర్చునేవారు. ధర్మసాగర్ నుంచి క్లినిక్‌కు వచ్చిన, షుగరున్న ఒక రైతుతో చెప్పు విప్పిస్తే పాదంలో ముల్లు దొరికిందనీ, కాలు దక్కిందనీ ఒకసారి చెప్పాను. "నొప్పి లేదన్నడా?" అని అడిగారు. లేదన్నాడని చెప్పాను. ఆ ముచ్చట మళ్లీ చెప్పించుకున్నారు. ఈ ఊళ్లో ఇంకా తమ కాళ్ల మీద నడుస్తున్న కొందరికి ఆయనెవరో తెలియదు. నాకు తెలుసు.

దహనానికి మేం కొద్దిమందిమే ఉన్నాం. తిరిగొచ్చాక ఓనరమ్మతో కలిసి ఆయన గదిలోకి వెళ్లాను. కుర్చీ ముందు నేల మీద గడ్డం గీసుకునే చిన్న అద్దం వెల్లకిలా పెట్టి ఉంది. తీయబోతే ఆమె అంది: "రోజు పొద్దుగాల దాని మీద కాలు లేపి అడుగు చూసుకునేటోళ్లు. నేను చూస్త సార్ అంటె, వద్దమ్మా అనేటోళ్లు."

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆ అద్దంలో పైకప్పు, ఆగిపోయిన ఫ్యాను కనిపిస్తున్నాయి.